నెగటివ్ వస్తే సంబరపడకు

లియోన్,
3 మే 1990

పెద్దమ్మా,

నిలబడి చదువుతున్నావేమో, ముందు కూర్చో. నాకు మూడు నెలలు నిండాయి. నవంబరు మధ్యలో అంటున్నారు.

ఈస్టరుకి వచ్చినప్పుడే ఎందుకు చెప్పలేదని కేకలు వేయకు. అప్పటికే నాకు తెలుసు. మూడు నెలలు నిండేదాకా నోరు విప్పనని మా అత్తగారు నా చేత ఒట్టు వేయించుకుంది. నువ్వు మూడుసార్లు వైన్ పోయబోతే మూడుసార్లూ తలనొప్పి అన్నాను. "లియోన్ వెళ్ళి ఇంకేం నేర్చుకున్నావో గానీ తలనొప్పులు మాత్రం బాగా నేర్చుకున్నావే" అన్నావు, గుర్తుందా? నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

నిన్న మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పేరు పెరాషోన్. పెద్దాయన, మీసాలాయన. నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఇంట్లో పిల్లి ఉందామ్మా?" లేదన్నాను. మా పెద్దమ్మ ఇంట్లో ఏడున్నాయని ఎర్వే పక్కనుంచి అందించాడు. మొగుడి నోరు ఎప్పుడు మూయించాలో నాకింకా చేతకాలేదు. డాక్టరు కలం కింద పెట్టేశాడు.

తర్వాత మా పెళ్ళి సర్టిఫికెట్ అడిగి, దాంతోపాటు పెళ్ళికి ముందు ఇద్దరికీ తీసిన రక్తపరీక్ష కాగితం చూశాడు. నా కాగితంలో టాక్సోప్లాస్మోసిస్ అనేదానికి ఎదురుగా నెగటివ్ అని ఉంది. మళ్ళీ రక్తం తీశారు. సూది చూడగానే ఎప్పటిలాగే కింద పడ్డాను. నర్సు నా కాళ్ళు పైకెత్తి పట్టుకుంది.

వివరంగా తర్వాత రాస్తాను. అమ్మకి నేనే ఫోను చేస్తాను, నువ్వు తొందరపడి ఒరియాక్ పరిగెత్తకు.

నీ మ్యూరియెల్


మోరియాక్,
7 మే 1990

నా బంగారు తల్లీ,

కూర్చునే చదివాను. చదివి లేచి, మళ్ళీ కూర్చుని, మీ పెదనాన్న ఫోటో ముందుకెళ్ళి "విన్నావా గస్తోన్, మన పిల్లకి పిల్ల" అని చెప్పాను. ఆయన బతికుంటే ఆ రోజు మాంసం కొట్టుకి తాళం వేసేవాడు. నలభై ఏళ్ళలో ఆయన కొట్టు మూసింది నాలుగుసార్లే.

అన్నిటికన్నా నాకు ఆనందమైంది ఆ నెగటివ్. పేరు పలకడం రాకపోయినా, భయంకరమైన జబ్బని పేరులోనే తెలుస్తోంది. ఆ టాక్సీ ఏదో నీకు లేదు! రొట్టెల కొట్లో చెప్పాను. పోస్టాఫీసులో చెప్పాను. చర్చిలో పెద్ద కొవ్వొత్తి వెలిగించి ఫాదర్‌గారికి కూడా చెప్పాను, "మా అమ్మాయికి నెగటివ్ వచ్చింది" అని. ఆయన అర్థమైనట్టు తల ఊపి దీవించాడు.

ఈ ఉత్తరంతోపాటు పార్సెల్ పంపిస్తున్నాను. మన ఎండబెట్టిన సాసేజీలు రెండు. మన తోటలో లెట్యూస్ నాలుగు, తాజాదనం పోకుండా మట్టితో సహా పెట్టాను. కడగకు, రుచంతా ఆ మట్టిలోనే ఉంటుంది.

ఇంకో శుభవార్త. కలెక్టరు పిల్లల్ని పెట్టింది. అవును, కలెక్టరు ఆడపిల్లి అని మాకందరికీ పోయిన మంగళవారమే తెలిసింది. ఐదు పిల్లలు. బూడిదరంగు దాన్ని నీకోసం ఉంచాను. పాలు మానగానే బుట్టలో పెట్టి పంపిస్తాను. బిడ్డతోపాటే పెరుగుతుంది.

నీ పెద్దమ్మ
లియోంతీన్


లియోన్,
10 మే 1990

పెద్దమ్మా,

పార్సెల్ అందింది. ఎర్వే ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో పట్టకారు పట్టుకుని ఆ లెట్యూసుల్ని ఒక్కొక్కటే మోసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాడు. సాసేజీలు తనే తినేశాడు. పిల్లిపిల్లని మాత్రం దయచేసి పంపకు. బుట్టలో పెట్టి పంపినా తిప్పి పంపేస్తాను, మెడలో చీటీ కట్టి.

ఇప్పుడు నిదానంగా చదువు. నెగటివ్ మంచిది కాదు!

ఆ పురుగు పిల్లి పెంటలో ఉంటుందట, అక్కడినుంచి మట్టిలోకి, ఆకుకూరల్లోకి, గొర్రెల ఒంట్లోకి వెళ్తుందట. మామూలు మనిషికి వస్తే కాస్త జ్వరం, రెండు రోజుల నీరసం, ఒక్కోసారి అదీ ఉండదు. ఒకసారి వచ్చి పోయినవాళ్ళ రక్తంలో కాపలా నిలిచిపోతుంది. వాళ్ళు పాజిటివ్. వాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు ఆ పురుగు మళ్ళీ వచ్చినా గుమ్మంలోనే ఆగిపోతుంది. నెగటివ్ అంటే నా రక్తంలో కాపలా లేదని. ఇప్పుడు మొదటిసారి వచ్చిందంటే అది నా దగ్గర ఆగదు. బిడ్డదాకా వెళ్ళి, అప్పుడప్పుడే తయారవుతున్న మెదడులో, కళ్ళలో చేరుతుంది. డాక్టరు నెమ్మదిగా, మంచిగానే చెప్పాడు.

అందుకని మాంసం లోపల ఎరుపన్నది లేకుండా ఉడకాలి. ఆకుకూర మూడుసార్లు కడగాలి. మట్టి ముట్టుకోకూడదు. పిల్లుల జోలికి పోకూడదు. ప్రసవం దాకా నెలనెలా రక్తం ఇవ్వాలి. నెలనెలా, పెద్దమ్మా! ఆ సూదితో!

అక్కడ బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒకరినొకరు ఇదే అడుగుతున్నారు. "మీకు పాజిటివా? అబ్బ, అదృష్టవంతులు! కాస్త ఎర్రగా ఉన్న మాంసం ఎలా ఉంటుందో నేను మర్చేపోయాను." పాజిటివ్ వాళ్ళు మహారాణుల్లా ఒక పక్క కూర్చుని సాసేజీ రొట్టె తింటుంటారు. మేం నెగటివ్ వాళ్ళం ఉడకబెట్టిన క్యారెట్ల గురించి మాట్లాడుకుంటాం.

మ్యూరియెల్


మోరియాక్,
14 మే 1990

మ్యూరియెల్,

ఊరంతా తిరిగి చెప్పుకొచ్చాను గదే! ఇప్పుడు మళ్ళీ ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి "ఆ రోజు నేను చెప్పింది శుభవార్త కాదండీ" అని చెప్పాలా? రొట్టెల కొట్టావిడ కేకు కూడా ఇచ్చింది. తినేశాను. ఫాదర్‌గారి దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తి వెనక్కి తీసుకుంటానని ఎలా అడగను?

నీ డాక్టరు చదువుకున్నవాడే కావచ్చు. నలభై ఏళ్ళు మాంసం కొట్టు నడిపినదాన్ని నేను. ఎరుపు లేకుండా కాల్చిన మాంసాన్ని మా కొట్లో మాంసం అనేవాళ్ళం కాదు, చెప్పు అడుగుకి పనికొస్తుందని చెప్పేవాళ్ళం. మూడుసార్లు కడిగిన లెట్యూస్ నిన్న నేనూ తిని చూశాను. నీళ్ళు నమిలినట్టుంది.

నా పిల్లుల్ని అనకు. సార్జెంటు పెంట ఎప్పుడూ పక్కింటివాళ్ళ తోటలోనే పెడతాడు, మన తోట ముట్టడు. అంత మర్యాదస్తుడు.

అయినా నీ కడుపులో ఉన్నది నీ బిడ్డ, నువ్వు చెప్పినట్టే. నువ్వు ఈసారి వచ్చినప్పుడు మాంసం బొగ్గయ్యేదాకా కాలుస్తాను. నీకు విడిగా గిన్నె, విడిగా కత్తి. ఆ రెండిటినీ ఇప్పుడే వేడినీళ్ళలో మరగబెట్టి బట్టలో చుట్టి పెట్టాను. కత్తి పిడి ఊడిపోయింది.

లియోంతీన్


లియోన్,
18 మే 1990

పెద్దమ్మా,

రక్తపరీక్ష కాగితం వచ్చింది. పాజిటివ్.

ఆ మాట వినగానే నేను నిజంగానే నవ్వాను. మహారాణిని అయిపోయాననుకున్నాను. డాక్టరు నవ్వలేదు. పెళ్ళినాటి కాగితం పక్కన పెట్టి చూపించాడు. అప్పుడు నెగటివ్, ఇప్పుడు పాజిటివ్. అంటే ఈ పందొమ్మిది నెలల్లో ఎప్పుడో ఆ పురుగు నాలో దూరింది. కడుపు రాకముందే దూరి ఉంటే భయం లేదు. వచ్చాక దూరి ఉంటే బిడ్డదాకా వెళ్ళి ఉండొచ్చు.

మూడు వారాల తర్వాత, జూన్ 7న మళ్ళీ రక్తం తీస్తారు. కాపలా లెక్క అంతే ఉంటే జబ్బు పాతది. పెరిగితే కొత్తది. కొత్తదైతే జూలైలో పొట్టలోకి పొడుగు సూది గుచ్చి బిడ్డ చుట్టూ ఉన్న నీళ్ళు తీసి చూస్తారు. అప్పటిదాకా రోజుకి తొమ్మిది మాత్రలు.

డాక్టరు ఒక్కటే అడుగుతున్నాడు. ఫిబ్రవరి తర్వాత ఎక్కడైనా సరిగా ఉడకని మాంసం తిన్నానా అని. లియోన్‌లో తినలేదు. మిగిలింది ఈస్టరు రోజు మీ ఇంట్లో గొర్రె తొడ. పెద్దమ్మా, అది లోపలిదాకా ఉడికిందా? నేను ఆ రోజు కడుపులో తిప్పుతుంటే పళ్ళెంలోకి చూడకుండా మింగాను. నువ్వు కోసిపెట్టావు, నీకు గుర్తుంటుంది. నిజం చెప్పు.

నీ మీద నాకేం కోపం లేదు. నాకు తెలియాలంతే.

మ్యూరియెల్


మోరియాక్,
21 మే 1990

మ్యూరియెల్,

లోపలిదాకా ఉడికింది. ఐదు గంటలు పొయ్యిలోనే ఉంది. ఐదు కాదు, ఆరు. పొద్దున చర్చికి వెళ్ళేముందు పెట్టాను, వచ్చాక కూడా తీయలేదు. ఎండిపోయి చెక్కలా అయింది. నువ్వు గమనించలేదు గానీ ఎర్వే నమలలేక అవస్థపడ్డాడు. పక్కింటి ఝోర్ఝెత్ కూడా చూసింది, అడుగు కావాలంటే. అడగకు, ఆవిడకి మతిమరుపు.

కాబట్టి గొర్రె కాదు. లియోన్‌లోనే ఎక్కడో తగిలి ఉంటుంది. పెద్ద ఊళ్ళు.

ఆ కాగితాలు రెండూ నకలు తీసి నాకు పంపించు. మన మందుల షాపు వెర్దియేగారికి చూపిస్తాను. నేను కూడా చూస్తాను. నాకు అర్థం కాకపోతే ఏం, చూస్తాను.

మాత్రలు మానకు.

లియోంతీన్


లియోన్,
24 మే 1990

పెద్దమ్మా,

నకళ్ళు ఇందులో పెట్టాను.

గొర్రె కాదని తెలిసి కాస్త ఊపిరి తీసుకున్నాను. ఎర్వే మాత్రం "నాకు అంత నమిలినట్టు గుర్తులేదే" అంటున్నాడు. మగాళ్ళకి తిన్నది ఎక్కడ గుర్తుంటుంది?

వాడు నా ముందు జోకులు వేస్తున్నాడు. టమాటాల్ని సబ్బుతో కడిగి తువ్వాలుతో తుడుస్తున్నాడు, వాటికి పేర్లు కూడా పెట్టాడు. నిన్న స్నానాల గదిలో కుళాయి తిప్పి పెట్టి ఏడ్చాడు. నాకు వినపడలేదనుకుంటున్నాడు.

నాకు భయంగా ఉంది. బిడ్డకి నేను ఇవ్వగలిగినవాటిలో ముందుగా ఇచ్చేసింది ఇదేనేమోనని. జూన్ 7 దాకా ఇంకా పద్నాలుగు రోజులు.

మ్యూరియెల్


మోరియాక్,
29 మే 1990

నా తల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది ఐదోది. పూర్తిగా చదివాకే నన్ను తిట్టు.

ఆ గొర్రె తొడ ఆరు గంటలు పొయ్యిలో లేదు. గంటంబావు ఉంది. లోపల గులాబీరంగులో ఉంది, మీ పెదనాన్న బతికున్నప్పుడు ఎలా చేసేదాన్నో అలా. నువ్వు బాగా కాలిన చివరి ముక్క అడిగితే నేనే "ఒట్టి ఎముకలా ఉన్నావు, మంచిది తిను" అని మధ్య ముక్క తీసి నీ పళ్ళెంలో వేశాను. నా చేత్తో వేశాను. నువ్వు నిజం చెప్పమన్నప్పుడు అబద్ధం రాశాను. రాసి పోస్టు చేసినప్పటినుంచి తిన్నది ఒంటబట్టడం లేదు. ఎర్వే ఏడ్చాడని నువ్వు రాశాక ఆ అబద్ధం నన్ను ఉండనివ్వలేదు.

పిల్లులన్నిటినీ ఝోర్ఝెత్ కొట్టంలోకి పంపేశాను. సార్జెంటు రోజూ పొద్దున వచ్చి కిటికీ ముందు కూర్చుని నన్ను చూస్తాడు. నేను తెర దించేస్తాను.

ఇక అసలు సంగతి. కాగితాలు తీసుకుని వెర్దియేగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పెళ్ళినాటి కాగితం గట్టిగా చదివాడు. "టాక్సోప్లాస్మోసిస్, నెగటివ్. రుబెల్లా, నెగటివ్." నేను ఆగమన్నాను. "రెండోది మళ్ళీ చదవండి" అన్నాను. "రుబెల్లా నెగటివ్ అండీ. అంటే అది కూడా ఆ అమ్మాయికి ఎప్పుడూ రాలేదన్నమాట" అన్నాడు.

వచ్చింది! నాకు తెలుసు కదా! అరవై ఎనిమిదిలో, దేశమంతా సమ్మె. పెట్రోలు లేక డాక్టర్ బాస్తీద్ సైకిలు మీద వచ్చాడు, చెమటలు కక్కుతూ. నీకు ఏడేళ్ళు. మెడ వెనక బిళ్ళలు, ఒళ్ళంతా ఎర్ర చుక్కలు. "రుబెల్లా" అన్నాడు, కాగితం మీద రాసిచ్చాడు కూడా. క్లాసులో పదకొండు మందికి వచ్చింది.

నీకు గుర్తుండదు. ఎందుకో చెప్తాను, కోప్పడకు. నువ్వు ఆ ముందురోజే ఫాదర్‌గారి తోటలో స్ట్రాబెర్రీలు దొంగతనంగా తిని వచ్చావు. పొద్దున లేచి చుక్కలు చూసి ఏడుస్తుంటే "దొంగతిండి తింటే ఇలాగే ఒళ్ళంతా స్ట్రాబెర్రీలు మొలుస్తాయి" అన్నాను. ఒకరోజు బుద్ధి వస్తుందని అన్నాను గానీ, తర్వాత నిజం చెప్పడం మర్చిపోయాను. ఇరవై రెండేళ్ళు మర్చిపోయాను.

మీ డాక్టరు మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ చుక్కలు నేను చూశాను. ఒక కాగితం రుబెల్లా గురించి అబద్ధం చెప్తుంటే మొదటి మాట మాత్రం నిజమని ఎలా నమ్మను? కొత్త కాగితంలో రుబెల్లాకి ఎదురుగా ఏముందో మళ్ళీ చూడు. నకలులో ఆ వరస మసకగా పడింది, వెర్దియేగారి కళ్ళకి ఆనలేదు.

నీ పెద్దమ్మ


లియోన్,
1 జూన్ 1990

పెద్దమ్మా,

స్ట్రాబెర్రీల సంగతి ముఖాముఖీ తేలుస్తాను. నాకు స్ట్రాబెర్రీలు పడవని ఇన్నేళ్ళూ డాక్టర్లందరికీ చెప్పుకొచ్చాను. నా పెళ్ళి కేకు మీద స్ట్రాబెర్రీలన్నీ నా చేత్తో తీసి ఎర్వే పళ్ళెంలో వేశాను.

కొత్త కాగితంలో రుబెల్లా పాజిటివ్.

ఇప్పుడు నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి. పెళ్ళయ్యాక రుబెల్లా టీకా వేయించుకోమన్నారు. సూది భయంతో వెళ్ళలేదు. మొన్న డాక్టర్ పెరాషోన్ అడిగితే "వేయించుకున్నానండీ" అని గడగడా చెప్పేశాను. అందుకే ఆయన ఆ పాజిటివ్ చూసి టీకా వల్ల వచ్చిందనుకుని పట్టించుకోలేదు. వేయించుకోని టీకాకి పాజిటివ్ ఎలా వస్తుంది?

రేపు పొద్దున్నే ముందు డాక్టరు దగ్గరికి, అక్కడినుంచి పెళ్ళికి ముందు రక్తం తీసిన చోటికి వెళ్తున్నాం.

మ్యూరియెల్


లియోన్,
13 జూన్ 1990

పెద్దమ్మా,

మొదటినుంచి చెప్తాను, ఎర్వే ఈ కథని ఇప్పటికే మూడు రకాలుగా చెప్తున్నాడు.

ముందు డాక్టరు దగ్గర టీకా సంగతి ఒప్పుకున్నాను. "ఎందుకమ్మా అబద్ధం?" అన్నాడు. "మీరు సూది పట్టుకుని ఉన్నారండీ, దాని ముందు ఎవరైనా ఏదైనా చెప్తారు" అన్నాను. ఆయన మీసాలు కాసేపు కదిలాయి. తర్వాత నీ ఉత్తరం చదివి వినిపించాను, గొర్రె భాగం వదిలేసి. "ఈవిడ ఏం చదువుకున్నారు?" అని అడిగాడు. మాంసం కొట్టు నడిపిందన్నాను.

అక్కడినుంచి రక్తం తీసిన చోటికి వెళ్ళాం. అప్పటి నర్సే ఉంది, గట్టి మనిషి. పందొమ్మిది నెలల కింద నన్ను నేలమీదినుంచి లేపింది ఆవిడే. నన్ను చూడగానే కుర్చీ తెచ్చింది. పాత రిజిస్టరు తీసింది. చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత మా ఇద్దరినీ చూసింది.

జరిగింది ఇదీ. ఆ రోజు నేను పడిపోతే ఆవిడ నా కాళ్ళు పట్టుకుని ఉంది. "సీసాల మీద మీ పేర్లు మీరే రాసి అతికించండి" అని ఎర్వేతో అంది. ఎర్వే తన సీసా మీద "ఎచ్. కజాల్" అని రాసుకున్నాడు, పలకకపోయినా రాతలో వాడి పేరు ఎచ్‌తోనే మొదలు కదా. నాది నేనే రాస్తానని లేచాను. అప్పటికి వారం రోజులుగా కొత్త సంతకం సాధన చేస్తున్నాను, పాలవాడి చీటీ మీద కూడా అదే. ఇంకా పెళ్ళే కాలేదు, అయినా మురిసిపోతూ నా సీసా మీద రాశాను: "ఎం. కజాల్."

"ఎం పక్కన చుక్క పెడితే మొస్యూ కజాల్ కాక ఇంకెవరమ్మా?" అని నర్సు అరిచింది. "మొస్యూ అని ఉంది గనక అది మగాయన రక్తం అనుకున్నారు. మిగిలింది ఎచ్. ఆడమనిషి పరీక్షలన్నీ దానికే చేశారు. ఎచ్ అంటే ఉగెత్ అనే ఆడపేరు అయ్యుంటుందనుకుని ఉంటారు!"

పెద్దమ్మా, ఆ నెగటివ్ నాది కాదు. ఎర్వేది! రుబెల్లా రానిది వాడికి, టాక్సో రానిది వాడికి. ఆ నెగటివ్ పట్టుకుని నేను నెలరోజులుగా ఉడకబెట్టిన క్యారెట్లు తింటున్నాను. వాడు నా సాసేజీలు తిన్నాడు.

ఫోను చేసి చెప్తే, నమ్మకంగా తేలాలని డాక్టరు అక్కడే వాడి రక్తం మళ్ళీ తీయించాడు. రెండూ నెగటివే. పడిపోయింది కూడా వాడే ఈసారి. నేను కాళ్ళు పట్టుకున్నాను.

అయినా 7వ తేదీ పరీక్ష జరిగింది. నిన్న వచ్చింది. కాపలా లెక్క అంతే ఉంది, ఒక్క గీత పెరగలేదు. పాతది. ఎన్నో ఏళ్ళనాటిది అంటున్నాడు. పొడుగు సూది లేదు, మాత్రలు లేవు, నెలనెలా రక్తం లేదు. బిడ్డ తలకి, కళ్ళకి దాని వల్ల భయం లేదని డాక్టరు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. నేను ఆయన కోటు తడిపేశాను.

పిల్లుల్ని ఇంటికి తెచ్చుకో. సార్జెంటుకి నా తరఫున క్షమాపణ చెప్పు. గొర్రె సంగతి నేను మర్చిపోయాను, నువ్వు కూడా మర్చిపో. నువ్వు ఆ స్ట్రాబెర్రీల అబద్ధం దాచుకుని ఉంటే నేను ఆ కాగితాన్ని ఇంకా నమ్ముతూ ఉండేదాన్ని.

డాక్టరు మాత్రం ఊరికే ఆసక్తి కొద్దీ అడుగుతున్నాడు: చిన్నప్పుడు నాకు ఎక్కడ తగిలిందీ అని. నాకు తెలియదన్నాను.

నీ మ్యూరియెల్


మోరియాక్,
19 జూన్ 1990

నా తల్లీ,

ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. పెద్దగా ఏడ్చాను. ఎవరో చనిపోయారనుకుని నలుగురు చేరారు. "పాజిటివ్! మా పిల్ల పాజిటివ్!" అన్నాను. మొన్నటిదాకా నెగటివ్ అని మురిసినదాన్ని, ఇప్పుడు పాజిటివ్ అని ఏడుస్తున్నదాన్ని. ఈ ఊళ్ళో ఇక నా మాట ఎవరూ నమ్మరు.

నీ డాక్టరు అడిగినదానికి జవాబు నా దగ్గర ఉంది. ఇదే నా చివరి అబద్ధం, అబద్ధం కాదు, చెప్పకపోవడం. మీ అమ్మ స్టేషన్లో టిక్కెట్ల దగ్గర పనిచేస్తూ నిన్ను నా దగ్గర వదిలినప్పుడు నీకు నాలుగేళ్ళు. చీపురుపుల్లలా ఉండేదానివి. ప్రతి గురువారం కొట్లో కత్తితో పచ్చి మాంసం సన్నగా గీకి, ఉప్పు రాసి, చెంచాతో నీ నోట్లో పెట్టేదాన్ని. రక్తం పడుతుందని అప్పట్లో అందరూ చెప్పేవాళ్ళు. నువ్వు గూట్లో పిట్టలా నోరు తెరిచేదానివి. మీ అమ్మకి చెప్పలేదు, చంపేస్తుందని.

నువ్వు నన్ను మెచ్చుకుంటావేమో, వద్దు. నేను బాగా ఆలోచించాను. ఆ చెంచా అప్పుడు పెట్టాను గనక నీకు కాపలా అయింది. అదే చెయ్యి, అదే ప్రేమతో, ఈ ఈస్టరుకి మొదటిసారి పెట్టి ఉంటే నీ బిడ్డ ఏమయ్యేదో. నాకు రెండు సందర్భాల్లోనూ ఏమీ తెలియదు. అదృష్టం మన వైపు ఉంది, అంతే. ఇక మీదట డాక్టరు చెప్పింది వింటాను. లెట్యూస్ కడుగుతున్నాను. ఇప్పటికీ బాగాలేదు.

ఇదంతా గుర్తొచ్చాక మనసు ఆగక నిన్న బస్సెక్కి ఒరియాక్ వెళ్ళాను. మీ అమ్మ ముందు కూర్చుని ఆ గురువారాల సంగతి మొత్తం చెప్పేశాను. కొట్టినా కొట్టనీ అనుకున్నాను. మీ అమ్మ టీ కప్పు కింద పెట్టింది. నన్ను ఎగాదిగా చూసింది.

"గురువారాలా?" అంది. "ఆదివారం ఆదివారం నీ కొట్టునుంచే పొట్లం కట్టించుకుని తెచ్చి నేను పెట్టేదాన్ని. నీకు తెలిస్తే నవ్వుతావని చెప్పలేదు."

ఇరవై ఐదేళ్ళు! ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం! ముందు నవ్వుకున్నాం. తర్వాత నీ బిడ్డ బుర్రని కాపాడింది గురువారం చెంచానా, ఆదివారం చెంచానా అని తిరుగు బస్సు వచ్చేదాకా కొట్టుకున్నాం. తనది మెత్తగా ఉండేదంటుంది. తనకి ఆ మాంసం కోసిచ్చింది ఎవరట?

ఎంతైనా అది కన్నతల్లి, మాట పెద్దది. మీ డాక్టరుని మెల్లిగా అడుగు, ఏ రోజు పెట్టిన చెంచాదో రక్తంలో ఏమైనా తెలుస్తుందా అని. గురువారం అంటే నాకు వెంటనే తంతి ఇవ్వు. ఆదివారం అంటే, తెలియలేదన్నాడని రాయి.

నీ పెద్దమ్మ
లియోంతీన్